పందిరి కింద పడక కుర్చీ

నాకు కావలసింది ఒక్కటే. పొద్దుటి ఎండలో పడక కుర్చీ వేసుకుని, కాళ్ళు బారజాపుకుని, ఏ పనీ లేకుండా కూర్చోవాలి. ఇదేమన్నా గొంతెమ్మ కోరికా, మీరే చెప్పండి. మేడ అడిగానా, కారు అడిగానా? ముప్పై ఏళ్ళకు పైగా భూమి కింద పనిచేసినవాడు కాస్త ఎండ అడిగాడు, అంతే. ఆ ఎండే నాకు నా ఇంట్లో దొరకకుండా పోయింది.

నా పేరు యోనా. గోదావరిఖనిలో టింబర్‌మన్ యోనా అంటే పాతవాళ్ళకు తెలుస్తుంది. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద కర్రలు నిలబెట్టడం నా పని. గనిని మేం బాయి అంటాం. మొదటి షిఫ్టులో బాయి దిగేవాడికి చలికాలపు ఎండ అంటే ఏమిటో తెలియదు. నాకైతే అది ఆదివారం ఆదివారం మందిరానికి పోయే దారిలో మాత్రమే తగిలేది. పాటలు మొదలయ్యాయని మా ఆవిడ రాహేలు వెనక నుంచి తోస్తుంటే, నేను కావాలనే నెమ్మదిగా నడిచేవాణ్ణి.

టింబర్ పని జంటగా చేస్తారు. నా జత సదయ్య. ఒకరు కర్ర పట్టుకుంటే ఇంకొకరు దాని నెత్తిన చెక్క బిగించి సుత్తితో కొట్టాలి. తల మీది దీపం ఎదుటివాడి మొహాన పడితే వాడి కళ్ళు చెదురుతాయి కాబట్టి మొహాలు చూసుకోవడం ఉండదు, అంతా మాట మీదే. మధ్య మధ్యలో నేను "సదయ్యా" అని పిలవాలి, వాడు "ఆఁ బావా" అని పలకాలి. పలకకపోతే సుత్తి కింద పెట్టి వెతకాలి. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు గానీ మేం ఎప్పుడూ తప్పలేదు. సదయ్య నాకంటే ముందు రిటైరయ్యాడు. ఏడాది తిరక్కుండానే గుండెపోటుతో పోయాడు. ఆ పొద్దున నేను బాయిలో ఉన్నాను. ఎట్లా పోయాడని వాడి భార్య ఐలవ్వను నేను ఎప్పుడూ అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

నా రిటైర్మెంటు రోజున మా సెక్షన్ వాళ్ళు మెడ నిండా దండలేసి, డప్పులు కొట్టించి, ఒక టేకు పడక కుర్చీని ఆటో మీద కట్టి ఇంటిదాకా తెచ్చి దింపారు. మా సెక్షన్‌లో ఎవరు రిటైరైనా అదే కానుక. దాని గుడ్డ మీద చారలు కూడా అందరికీ ఒకటే రంగు. రాహేలు నా మెడలోంచి దండలు తీసి లోపల పెట్టింది గానీ కుర్చీని ముట్టుకోలేదు. మర్యాదకు కూడా బాగుందనలేదు. ఇంట్లో జాగా ఎక్కడుందని చిరాకు పడుతోందనుకున్నాను.

కంపెనీ క్వార్టరు వదిలి, ఊరి అంచున కట్టుకున్న సొంత ఇంట్లోకి వచ్చాం. ముందువైపు పొద్దంతా ఎదురింటి మేడ నీడే. ఎండ వచ్చేది వెనక పెరట్లోనే. పెరటి గోడకు అవతల ఓపెన్‌కాస్టు, అంటే నేల పైనుంచే తవ్వే గని, పోసిన మట్టి గుట్టలు. గోడ పక్కన మూలలో, తొమ్మిది దాటాక, మెత్తటి ఎండ పడుతుంది. అక్కడ కుర్చీ వేశాను. అది నా జీవితంలో నేను స్వయంగా చూసుకుని ఎంచుకున్న మొదటి జాగా అనుకోండి. పట్టుమని పది పొద్దులు కూర్చున్నానో లేదో, రాహేలు ఒక సొర విత్తనం పట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా, ఒట్టిగ కూసునే బదులు జెర గుంత తవ్వరాదు. ఇత్తు పెడుత."

తవ్వాను. ఎందుకు తవ్వను? విత్తనం మొలిచింది, తీగ సాగింది, దానికి నాలుగు కర్రలు నిలబెట్టాను. నిజం చెప్పాలంటే నాకు సంబరమైంది. ఇన్నేళ్ళూ నేను నిలబెట్టిన కర్రల మీద రాళ్ళు మాత్రమే కూర్చున్నాయి. ఇప్పుడొక పచ్చటి తీగ వాటిని పట్టుకుని పైకి పాకుతోంది. పొద్దున చాయ్ పొయ్యి మీద పెట్టినప్పుడు పని మొదలుపెడితే చాయ్ మరిగేలోగా అయిపోయేది. తరవాత నేను, కుర్చీ, ఎండ. రాహేలు గడపలో కూర్చుని తీగ నిన్నటికంటే ఎంత పాకిందో చూసేది. అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది.

ఆగుతుందా? మొదటి సొరకాయ కోసిన రోజు సాయంత్రమే బీర విత్తనాలు వచ్చాయి. బీర మొలకెత్తకముందే కాకర వచ్చింది. తరవాత దోస, పొట్ల, టమాట, వంకాయ, మిర్చి. పాత డ్రమ్ములు కోయించి మట్టి నింపించింది. సిమెంటు సంచుల్లో ఆకుకూరలు పెట్టించింది. నేను కుర్చీలో నడుం వాల్చడం ఆలస్యం, వంటింటి కిటికీలోంచి పిలుపు.

"కూసున్నవా? గా బీరతీగ కింద పడుతున్నది, కర్ర పెట్టాలె."

"గిప్పుడే కూసున్ననే."

"నువ్వు కూసున్నవని తీగ ఆగుతదా?"

చెప్పేవాళ్ళకు వినేవాడు లోకువ. లేచేవాణ్ణి. ఒకరోజు బజారుకు పోయి వచ్చేసరికి నా మూలలో కుర్చీ లేదు. అది ఉన్న చోట రెండు కర్రలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా కట్టి పాతి ఉన్నాయి. పక్కన చిక్కుడు మొక్క. కుర్చీ ఏదని చూస్తే మడిచి మంచం కిందికి తోసి ఉంది. బాయిలో పైకప్పు బాగాలేని దారికి మేం రెండు కర్రలు అట్లాగే అడ్డం కడతాం. దాటి లోపలికి పోవద్దని అర్థం. రాహేలు బాయి కార్మికుడి కూతురు, పైగా బాయి కార్మికుడి భార్య, ఆ గుర్తు తనకు తెలియనిది కాదు. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

"ఏందే, నా కుర్చీకి కంచె కట్టినవా?"

"చిక్కుడు పాకాలె గద. గా మూలకు ఎండ మంచిగ వస్తది."

"నాకు సుత గా ఎండే కావాలె."

"నీకంటె చిక్కుడుకు ఎక్కువ పనున్నది," అని లోపలికి పోయింది.

అప్పటి నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది. తీగలు పెరిగేకొద్దీ పందిరి పెంచాలి. పందిరి పెంచితే ఇంకా విత్తనాలు వస్తాయి. పని చేతకానివాణ్ణి అయినా బాగుండేది, కూలిపోయేది, పీడా పోయేది. కానీ నేను కర్ర పాతితే అది కదలదు. కాయలు రాహేలు చేతికి అందాలని పందిరి తక్కువ ఎత్తులో వేశాను. ఆమె పొట్టి మనిషి. దాని కింద నేను నడుం వంచి నడవాలి. రెండు నెలలు పోయేసరికి పెరడంతా ఆకులు కమ్ముకుని, పట్టపగలు కూడా లోపల చీకటి. ఆకుల సందున అక్కడో చుక్క ఇక్కడో చుక్క వెలుగు. ముందు కర్రలు, వెనక కర్రలు, నెత్తిన కప్పు, ఒంగిన నడుం. రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయితే కాళ్ళ కింద నేల అదిరేది, పైనుంచి దుమ్ము రాలేది. ఆ దుమ్ము ఆకుల మీద పేరుకుంటే కాత ఆగిపోతుందని తడి గుడ్డతో ఆకు ఆకూ తుడవాలి. నల్లా వచ్చిన రోజు ఎక్కడికీ పోవడానికి లేదు, డ్రమ్ములు నింపుకోవాలి. నల్లా రాని రోజు అసలే పోవడానికి లేదు, ఆ నీళ్ళను చెంబులతో పొదుపుగా పోయాలి.

ఒకరోజు లింగమూర్తి వచ్చాడు. నాతోపాటే పనిచేసినవాడు, కమాన్‌పూర్ దగ్గర ఇంకా నాలుగు మళ్ళు సాగు చేస్తాడు. పందిరి అంచున నిలబడి లోపలికి తొంగిచూశాడు. నేను ఆ చివర బోర్లాపడుకున్నట్టుగా ఒంగి గడ్డి పీకుతున్నాను.

"బావా, రిటైరై మళ్ళ బాయిల దిగినవా ఏంది? నెత్తికి దీపమొక్కటి తక్కువున్నది," అన్నాడు.

"నవ్వు బావా, నవ్వు. నీకేం, నవ్వుతవ్."

"కాదే, నిజం చెప్తున్న. ఎవుసం చేసేటోళ్ళం మేమే ఒక్కపారి ఇన్ని పెట్టం. ఒక్కటి పెట్టు, దాని ముచ్చట తీర్చుకో, గదైనంక ఇంకోటి పెట్టు. గిట్ల చేస్తే ఇది తోటెట్లయితది? మూడు షిఫ్టుల డ్యూటీ అయితది."

వంటింట్లోంచి రాహేలు గొంతు వచ్చింది. "లింగమూర్తన్నా, నీకు చాయ్ కావాల్నా, సలహాలు చెప్పుడు కావాల్నా?"

లింగమూర్తి చాయ్ తాగి, సంచి నిండా బీరకాయలు మోసుకుని పోయాడు. నన్ను మాత్రం అక్కడే వదిలేశాడు.

తప్పించుకోవాలని చూడకపోలేదు. చౌరస్తాలో చాయ్ హోటలుకు పోయి కూర్చుంటే ఫోను మోగేది. ఎక్కడున్నవ్, ఏం చేస్తున్నవ్, మిర్చికి పురుగు పట్టింది, జల్ది రా. లింగమూర్తి ఇంటికి పోతే అక్కడికీ మోగేది. ఒకసారి ఎత్తకపోతే వెంటనే మళ్ళీ చేసింది, ఆ తరవాత లింగమూర్తి ఫోనుకు చేసింది. "నువ్వు పారిపోయినవనుకుంటున్నది బావా," అని వాడు ఫోను నా చేతిలో పెట్టాడు. అవతల నా గొంతు వినబడగానే రాహేలు "సరే" అని పెట్టేసింది. పురుగు సంగతి ఎత్తనే లేదు. ఆడవాళ్ళకు అజమాయిషీ అలవాటైతే ఇంతేనని తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ మాటకొస్తే నేనెందుకు ఎదురు చెప్పలేదని అడగవచ్చు. ఒకటి, ఆమె సంబరపడుతోందనుకున్నాను. నేను బాయిలో ఉన్నన్నాళ్ళు సైరన్ మోగితే గుమ్మంలోకి వచ్చి నిలబడిన మనిషి, ఇప్పుడు కాస్త తోట పెట్టుకుంటానంటే కాదని ఎట్లా అనేది? రెండు, మొక్కుబడి. వర్షాకాలంలోనే రాహేలు మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. "మా ఆయన బాయి నుంచి క్షేమంగ బయటపడితే మా పెరటి పంట కోత పండుగకు ఇస్తనని మొక్కుకున్న," అంది. కోత పండుగ అంటే మా వాళ్ళందరూ ఎవరి పెరట్లో కాసినవి వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెట్టే రోజు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం పాడతారు. అందరి ముందూ నోరు జారాక ఇంకేం చేస్తాం? కోత పండుగ దాకా ఓపిక పడితే చాలు, ఆ మర్నాడే పందిరి పీకి కుర్చీ వేస్తానని నాకు నేను చెప్పుకున్నాను. బాయిలో కూడా షిఫ్టు అయిపోతుందన్న ఆశతోనే కదా చేసేది.

నవంబరులో కోత పండుగ వచ్చింది. ట్రాలీ ఆటో నిండా తీసుకుపోయాం. బలిపీఠం మెట్ల మీద సగం మాదే. పాస్టరుగారు మా సొరకాయను రెండు చేతులా ఎత్తి, బైబిల్లో యోనాకు దేవుడే సొరతీగ నీడ ఇచ్చాడని, నా పేరున్న మనిషికి అది కొత్తేమీ కాదని అనేసరికి అందరూ నవ్వారు. కుర్రాళ్ళు ఆ కాయ కోసం పోటీపడి పాడారు. నేను రాహేలు మొహం చూశాను, ఎంత సంతోషపడుతోందోనని. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పక్కామె ఏదో అంటే తల ఊపింది. సంతోషమైతే ఏమీ కనబడలేదు. అలసిపోయిందనుకున్నాను.

ఇంటికి వస్తూ నేనే కదిలించాను. "ఇగ అయిపాయె గదనే. రేపటి నుంచి పందిరి తీస్త."

"తీస్తె ఎట్ల? చలికాలం వచ్చె. గోబిగడ్డ, క్యారెట్, ముల్లంగి. నారుకు చెప్పి వచ్చిన."

నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. షిఫ్టు అయిపోయి ఎక్కుతుంటే పైనుంచి ఎవడో మళ్ళీ దిగమన్నట్టు అయింది.

"నా కుర్చీ నాకియ్యి," అన్నాను.

"ఇయ్య."

"ఎందుకియ్యవ్?"

"పనున్నది."

"పనికి పుట్టిన్నా నేను? గా చీకట్ల గన్నేండ్లు ఒంగి నడిచింది సాలదా? ఇంట్ల సుత నడుము ఎత్తనియ్యవా? నేనేం పాపం చేసిన నీకు?"

రాహేలు ముందు నడిచిపోయింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. బాయిలో ఉన్నప్పుడు ఎప్పుడో ఒకరోజు బయటపడతాననే నమ్మకం ఉండేది. ఇప్పుడు ఏ తేదీ కోసం ఎదురుచూడాలి?

మర్నాడు పొద్దున చెప్పా పెట్టకుండా బయటికి పోయాను. ఫోను కావాలనే ఇంట్లో వదిలేశాను. లింగమూర్తి ఇంట్లో లేడు, పొలానికి పోయాడట. ఎక్కడికి పోవాలో తోచక సందులోంచి వెనక్కి వచ్చాను. పెరటి తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల మాటలు వినబడ్డాయి. పందిరి కింద చీకట్లో, తడి గుడ్డతో ఆకులు తుడుస్తూ, రాహేలు తీగలను తిడుతోంది.

"సావుండ్రి. ఒక్కటన్న సావుండ్రి. పురుగు పట్టినా సావరు, నీళ్ళు లేకున్నా సావరు. నా నడుము ఇరుగుతున్నది, మీరు మాత్రం పాకుతనే ఉన్నరు. ఎప్పుడు పోతదో మీ పీడ."

నా చెవులను నేను నమ్మలేదు. "రాహేలూ," అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. గుడ్డ ఆగింది గానీ మాట రాలేదు. నడుం వంచి లోపలికి పోయాను. ఆమె ఒక బకెట్ బోర్లించుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎటు పోయినవ్ ఫోన్ ఇడిసిపెట్టి?" అంది.

"గది తర్వాత. నీకు ఈ తోట ఇష్టం లేదా?"

"నాకు ఒక్క సొరతీగ సాలు. పొద్దుగాల లేస్తె నడుము లేస్తలేదు. ఇంతగనం ఎవరికి ఇష్టముంటది?"

"మరి నన్ను ఎందుకు సంపుతున్నవే? నీకు ఇష్టమని గద నేను చేస్తున్న."

ఆమె చాలాసేపు గుడ్డ పిండుతూ కూర్చుంది. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతోంది.

"సదయ్యన్నను నువ్వు చూడలే. నేను చూసిన," అంది చివరికి. "ఐలవ్వ చాయ్ తెచ్చి ఏమయ్యా అని పిలిచిందట. పలకలే. ఎండల కన్నంటుకున్నదేమో అనుకుని, చాయ్ పక్కకు పెట్టి బట్టలు పిండపోయింది. బట్టలు ఆరేసి వచ్చేదాక చాయ్ గట్లనే ఉన్నది, పైన మీగడ గట్టి. అప్పుడు నన్ను పిలిచింది. నేను పోయి చూస్తె కాళ్ళు చాపుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని ఉన్నడు. నువ్వు కూసున్నట్టే. గదే కుర్చీ, గవే చారలు."

ఆమె చేతిలోని గుడ్డ తీసి డ్రమ్ము మీద వేశాను.

"డప్పులు కొట్టుకుంట గా కుర్చీ మనింట్ల దించుతుంటె నాకు పాడె దించినట్టయింది. నువ్వు దాంట్ల పండుకుని కండ్లు మూసుకుంటవ్. నేను వంటింట్ల కెళ్ళి చూస్త. పొట్ట కదులుతుందా లేదా అని చూస్త. కూర మాడినా సరే చూస్త. ఎన్నిమాట్ల చూడాలె? అందుకే పని చెప్పిన. పనిల ఉన్నోడు దగ్గుతడు, తిడుతడు, పారతోని సప్పుడు చేస్తడు. సప్పుడు ఇనబడితె నా పాణం నిమ్మళం."

"కుర్చీ ఏం చేసిందే పిచ్చిదానా."

"కుర్చీ ఏం చెయ్యదని నాకు తెల్వదా? తెలిస్తె మాత్రం భయం పోతదా?"

నిన్నటి కోపమంతా ఎటు పోయిందో తెలియదు. నేను కూడా ఆ తడి మట్టిలో కూలబడ్డాను. నా జత పోయిన సంగతి నేను ఎవరినీ అడగకుండా దాటేశాను. అది చూసి వచ్చిన ఈ మనిషి దాన్ని తనలోనే పెట్టుకుని, దాని మీద ఇంత పందిరి అల్లింది. ఆ రోజు నా గొంతు వినగానే ఫోను ఎందుకు పెట్టేసిందో అప్పుడు అర్థమైంది. ఆ చీకట్లో పక్కపక్కనే కూర్చుని ఇద్దరం కాసేపు ఏడ్చాం. అరవై దాటాక ఏడవడానికి సిగ్గెందుకు?

తరవాత నేనే అన్నాను. "దవాఖానకు పోదాం. నేను గుండె చూపిచ్చుకుంట, నువ్వు నడుము చూపిచ్చుకో."

"మరి ఇదంత?" అని పైకి చూపించింది.

"బాయిల బొగ్గు తీసుడు అయినంక ఏం చేస్తరు? నీకు తెల్వదా?"

"కర్రలు గుంజుకుంట ఎనుకకు వస్తరు."

"అన్ని ఒక్కపారే గుంజుతరా?"

"ఒక్కొక్కటి," అంది, ముక్కు తుడుచుకుంటూ.

దవాఖానలో నా గుండెకు ఏ ఫికరూ లేదన్నారు. రాహేలు నడుముకు మాత్రం బరువులు ఎత్తొద్దని, వంగొద్దని గట్టిగా చెప్పారు. వచ్చిన మర్నాటి నుంచి పని మొదలుపెట్టాను. బాయిలో బొగ్గు పూర్తిగా తీశాక ఎట్లా చేస్తామో అట్లాగే, అన్నిటికంటే లోపలి కర్రతో మొదలు. కింద ఎవరూ లేరని చూసి, తాడు కట్టి, దూరం నుంచి లాగితే ఆ మేరకు పందిరి కూలేది. తీగల మీద మిగిలిన కాయలు ముందే కోసి ఐలవ్వకూ, లింగమూర్తికీ, సందులో వాళ్ళకూ పంచాం. రోజుకు ఒకటో రెండో కర్రలు, అంతే. రాహేలు పొయ్యి మీద చాయ్ పెట్టినప్పుడు మొదలు, "చాయ్ అయింది" అని పిలిస్తే బంద్. ఇంకొక్క కర్ర తీసేస్తానంటే ఒప్పుకునేది కాదు. "ఏం జల్ది ఉన్నది? రేపు లేదా?" అనేది. వారం కింద నన్ను కూర్చోనివ్వని మనిషేనా ఈ మాట అంటోంది అని నేను ఆమె మొహం చూసేవాణ్ణి.

పెరట్లోకి కొంచెం కొంచెంగా వెలుగు వచ్చింది. ఎండ గోడ మీది నుంచి డ్రమ్ముల దాకా, డ్రమ్ముల నుంచి గడప దాకా పాకింది. గోబి నారు తెచ్చిన పిల్లవాడిని రాహేలు గుమ్మంలోంచే పంపేసింది. వచ్చే వానలకు ఒక్క సొర విత్తనం, అది కాశాక బుద్ధిపుడితే ఇంకొకటి, లేకపోతే లేదు అని ఇద్దరం అనుకున్నాం. చివరికి మిగిలింది మూలలో చిక్కుడు ఒక్కటే, ఊదారంగు పూలతో. దాని కింద అడ్డంగా కట్టిన ఆ రెండు కర్రలు. పందిరి కర్రలన్నీ తీసినవాణ్ణి వాటిని మాత్రం ముట్టుకోలేదు. వాటిని పాతింది నేను కాదు.

ఒకరోజు పొద్దున నేను మొహం కడుక్కుని వచ్చేసరికి రాహేలు అక్కడ కింద కూర్చుని ఆ కట్టు విప్పుతోంది. వంగొద్దన్నారు కదా అంటే, వంగలేదు, కూర్చున్నానంది. చిక్కుడు తీగను నెమ్మదిగా గోడ మీదికి మళ్ళించింది. కర్రలు రెండూ పీకి పక్కన పెట్టింది. మంచం కింది నుంచి కుర్చీ తనే తెచ్చి, బూజు దులిపి, ఆ మూలలో వేసింది. నేను కూర్చోబోతే చేత్తో ఆపింది.

"ఆగు. ముందుగాల నేను కూసుంట. గంతగనం ఏమున్నదో చూస్త. నువ్వు పోయి చాయ్ పెట్టు."

పెట్టాను. నాకు చాయ్ పెట్టడం సరిగా రాదు. చక్కెర ఎక్కడుందో వెతకడానికే చాలాసేపు పట్టింది. రెండు గ్లాసులు పట్టుకుని పెరట్లోకి వచ్చాను. రాహేలు కుర్చీలో వెనక్కి వాలి ఉంది. కాళ్ళు చాపుకుంది. చేతులు పొట్ట మీద ఉన్నాయి. ఎండ మొహం నిండా పడుతోంది.

"రాహేలూ," అన్నాను.

పలకలేదు.

"రాహేలూ."

పలకలేదు. శాలువా కప్పుకుని ఉంది, పొట్ట కదులుతోందో లేదో తెలియడం లేదు. కుర్చీ నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ నాలుగడుగులు వేయడానికి నా కాళ్ళు రాలేదు. కర్రతో తట్టి, చప్పుడు విని, నెత్తి మీది రాయి ఆగుతుందో కూలుతుందో చెప్పినవాణ్ణి నేను. అక్కడ నిలబడి ఒక శాలువా వంక చూస్తున్నాను. చాయ్ వేళ్ళ మీద ఒలికి కాలుతున్నా గ్లాసులు కింద పెట్టాలని తోచలేదు. దేవా, దేవా అనుకుంటున్నాను, అంతకంటే ప్రార్థన రావడం లేదు.

"రాహేలూ," అని ఈసారి గట్టిగా అరిచాను.

"ఆఁ," అంది. కళ్ళు తెరిచింది. "ఏందయ్యా గట్ల ఒర్రుతున్నవ్? కన్నంటుకున్నది. ఎండ గింత మంచిగుంటదని నాకేం తెలుసు."

అప్పుడు నా చేతుల వంక చూసింది. రెండు గ్లాసులూ సగానికి సగం ఒలికిపోయి ఉన్నాయి. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లేచి గ్లాసులు అందుకుని, నా వేళ్ళను కొంగుతో తుడిచింది.

"సమజైందా?" అంది.

"సమజైంది," అన్నాను.

ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. లోపలి నుంచి తన పీట తెచ్చుకుని పక్కనే వేసుకుంది. మిగిలిన చాయ్ ఇద్దరం తాగాం. చక్కెర ఎక్కువైందని సణిగింది. ఎండ కాళ్ళ మీది నుంచి ఛాతీ మీదికి వచ్చింది. నేను వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. చిక్కుడు కాయలు ఒలుస్తున్న చప్పుడు కొంతసేపు వినబడి ఆగింది.

"ఏమయ్యా," అంది.

కళ్ళు తెరవకుండానే "ఆఁ" అన్నాను.